మన తీరానికి తగిలిన జర్మన్ యుద్ధం

1914 సెప్టెంబర్ 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవు ముందుకొచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద నూట పాతిక దాకా గుండ్లు పేల్చింది. చమురు భగ్గుమంది. మా సూళ్లూరుపేటకు మద్రాసు ఎనభై కిలోమీటర్ల దూరం. తిరిగిపోయేటప్పుడు కెప్టెన్ ముల్లర్ ఓ ఎత్తు వేశాడు. ఓడ ఎడమ పక్క దీపాలు వెలిగించి ఉత్తరానికి, అంటే మన నెల్లూరు తీరం దిక్కుకు నడిపాడు. ఒడ్డు కనుమరుగయ్యాక దీపాలు ఆర్పేసి, దక్షిణానికి తిప్పేశాడు.

నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో ఎమ్డెన్ కథ ముగిసింది. 130 మందికి పైగా చనిపోయారు. పట్టుబడ్డ అధికారుల కత్తులు మాత్రం బ్రిటిష్ వాళ్లు తీసుకోలేదు. ధర్మంగా పోరాడారని ఇచ్చిన మర్యాద అది. ముల్లర్‌ను మొదట మాల్టాలో, 1916 నుంచి ఇంగ్లండ్‌లో ఖైదుంచారు. 1917లో తోటి అధికారులతో కలిసి సొరంగం గుండా శిబిరం దాటి, మళ్లీ దొరికిపోయాడు.

ఇదంతా పుస్తకాలకెక్కింది. మన తాలూకాల జర్మన్ల సంగతే ఎవరికీ పట్టలేదు. 1865లో ఆగస్ట్ మిలియస్ అనే పాస్టరు హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ తరఫున సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టారు. ఆ తర్వాత నాయుడుపేట, గూడూరు, వాకాడు వరకూ మిషన్ విస్తరించింది. వచ్చినవాళ్లు తెలుగు నేర్చారు, బడులు పెట్టారు. యాభై ఏళ్ల తర్వాత యుద్ధం వచ్చేసరికి వాళ్లంతా శత్రుదేశస్థులైపోయారు. దేశంలోని జర్మన్ మగవాళ్లలో చాలామందిని అహ్మద్‌నగర్ శిబిరంలో ముళ్లకంచె వెనక ఉంచారు. పట్టుబడ్డ వర్తక నౌకల నావికులూ, మిషనరీలూ అక్కడ ఒకే చోట బందీలు. 1915-16లో ‘గోల్కొండ’ అనే ఓడలో మిషనరీ కుటుంబాలను స్వదేశానికి పంపేశారు. ఇక్కడి పని అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వెళ్లింది. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి మూలం ఆ మిషనే.

మద్రాసు మీద గుండ్లు పేల్చినవాడికి కత్తి మిగిలింది. మన పిల్లలకు అక్షరాలు దిద్దించినవాళ్లకు ఉన్న ఊరే లేకుండా పోయింది. ముల్లర్ సాహసాన్ని మెచ్చుకునే మనం ఈ రెండో సంగతి కూడా చెప్పుకోవాలి. మీ ఊరి చర్చి బీరువాలోనో, మీ ఇంటి పెట్టెలోనో 1914కు ముందటి రిజిస్టర్లు, ఫొటోలు ఉంటే చెదలకు వదలకండి. ఫోన్‌తోనైనా ఫొటో తీసి దాచండి.