పల్నాటి కుక్కకి పథ్యం

పల్నాడు అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి కోడిపందెం, నాగమ్మ, బ్రహ్మనాయుడు. ఇంకాస్త తెలిసినవాళ్ళు కారంపూడి వీరుల గుడి, మాచర్ల చెన్నకేశవస్వామి పేర్లు కూడా చెప్తారు. కుక్కల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. గొర్రెల మంద వెంట నడిచిందీ, మిరప కళ్ళాల దగ్గర కాపలా పడుకుందీ, పెరట్లో ఎంగిలి కూడు తిని బతికిందీ అదే. కోడికి కథ ఉంది, కుక్కకి లేదు. అంతే తేడా.

నేను చెప్పబోయేది కేన్సర్ వచ్చిన కుక్క పొట్ట గురించి. ఇదేం చరిత్ర అనుకోకండి. ఈ కథలో ఓ ఆరువేల ఏళ్ళ నాటి కుక్క, మన పెరటి బిళ్ళగన్నేరు, భీమవరం కుర్రాడొకడు ఉన్నారు.

ముందు, ఇది మనకెందుకు అంటారా? మనలో చాలామందికి ఊళ్ళో అమ్మానాన్నల దగ్గర ఓ కుక్క ఉంటుంది. నరసరావుపేటో, గురజాలో, పిడుగురాళ్ళో, ఏదో ఒక ఊరు. దానికి గడ్డ లేస్తుంది. డాక్టరు కేన్సర్ అంటాడు, సూది మందు మొదలుపెడతాడు. మూడోరోజు మనకి ఫోన్ వస్తుంది: "సూది వేయించాం రా. అప్పట్నుంచి ముద్ద ముట్టట్లేదు. ముసలి జీవాన్ని ఎందుకు హింస పెట్టటం?" మనం ఇక్కడ ఏదో మీటింగ్‌లో ఉండి "సర్లే నాన్నా, మీ ఇష్టం" అంటాం. వైద్యం అక్కడితో ఆగిపోతుంది. చాలాసార్లు అలా ఆపేసిన జబ్బు నయమయ్యే జబ్బే!

ఆ నయమయ్యే జబ్బు సంగతే ముందు చూద్దాం. మన దేశంలో వీధికుక్కల్లో ఎక్కువగా కనిపించే కేన్సర్లలో ఒకటి అంటుకునే గడ్డ. మగకుక్కలు, ఆడకుక్కలు కలిసినప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. మామూలుగా జననాంగాల మీద లేస్తుంది. వాసన చూడటం, నాకటం వల్ల ఒక్కోసారి ముక్కులో, నోట్లో కూడా వస్తుంది. పాకేది వైరసో, బాక్టీరియానో కాదు. కేన్సర్ కణమే స్వయంగా ఒక కుక్క ఒంట్లోంచి ఇంకో కుక్క ఒంట్లోకి వెళ్ళి కాపురం పెడుతుంది. 1876లో నొవిన్‌స్కీ అనే రష్యన్ పశువైద్యుడు ఒక కుక్క గడ్డ ముక్కని ఇంకో కుక్కకి అంటించి చూపించాడు. కేన్సర్ పరిశోధనలో గడ్డని ఒక జీవినుంచి మరో జీవికి విజయవంతంగా మార్చటం అదే మొదలు అంటారు.

అసలు ఆశ్చర్యం 2006లో బయటపడింది. ప్రపంచంలో ఏ దేశపు కుక్క గడ్డ తీసుకున్నా, ఆ కణాలు ఆ కుక్కవి కావు, అన్నీ ఒకే ఒక్క ఆదిమ కుక్కవి. 2019లో 43 దేశాల నుంచి 546 గడ్డలు తీసుకుని లెక్క కట్టారు. ఆ కుక్క ఆసియాలో ఎక్కడో, 4000 నుంచి 8500 ఏళ్ళ క్రితం మధ్యలో పుట్టిందని తేలింది. మన భాషలో చెప్పాలంటే ఒరిజినల్ సర్వర్ వేల ఏళ్ళ క్రితమే పోయింది, దాని కాపీలు మాత్రం ఊరూరా ఇంకా రన్ అవుతున్నాయి. పల్నాటి యుద్ధం జరిగిన 12వ శతాబ్దానికే ఈ కణానికి వేల ఏళ్ళ వయసు.

ఇంత పాత జబ్బుకి మందు మన పెరట్లో మొక్కనుంచి వచ్చింది. బిళ్ళగన్నేరు. దాని సొంతూరు మడగాస్కర్. అక్కణ్ణుంచి లోకమంతా పాకి మనింటి మొక్కై కూర్చుంది. చాలా దేశాల్లో దాని ఆకుల కషాయం చక్కెరజబ్బుకి వాడేవారు. 1950ల్లో కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు ఆ సంగతేంటో చూద్దామని మొదలుపెట్టారు. చక్కెర తగ్గలేదు గానీ, పరీక్షించిన ఎలుకల్లో తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాలు తగ్గిస్తే రక్తకేన్సర్‌కి పనికొస్తుంది కదా! 1958లో విన్‌బ్లాస్టిన్ వచ్చింది. అదే మొక్కనుంచి తీసిన విన్‌క్రిస్టిన్‌కి 1963లో అమెరికాలో అనుమతి దొరికింది. 1980ల మొదట్లో వచ్చిన పరిశోధనలు అంటుకునే గడ్డకి ఈ ఒక్క మందే చాలని చూపించాయి. వారానికో సూది, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. పదింట తొమ్మిది కుక్కలు బాగుపడతాయి.

ఇక భీమవరం కుర్రాడు. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో పుట్టాడు. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. మన పాత మాటలో గ్రహణి. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుకీ అదే జబ్బు పట్టుకుంది, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు. తర్వాత హార్వర్డ్, 1940లో లెడర్లీ కంపెనీ. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములు పోయిన స్ప్రూకి అదే మంచి మందని త్వరలోనే తేలింది.

కథ అక్కడ ఆగలేదు. ఫోలిక్ ఆమ్లం కణాలు పెరగటానికి కావాలి. మరి దాన్ని పోలిన నకిలీ ఒకటి తయారుచేసి కణానికి అంటగడితే? పెరగటం ఆగిపోతుంది. అలా వచ్చినవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ని రక్తకేన్సర్ వచ్చిన 16 మంది పిల్లలకి ఇచ్చాడు, 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ వ్యాసం అచ్చయింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయాడు, యాభై మూడేళ్ళకే.

ఈ కథలో నాకు తల తిప్పేసే విషయం ఒకటుంది. ఫోలిక్ ఆమ్లం ఇస్తే పేగు బాగుపడుతుంది. దాని నకిలీ ఇస్తే కేన్సర్ కణంతో పాటు పేగు లోపలి పొర కూడా దెబ్బతింటుంది. ఒకే తాళం, ఇటు తిప్పితే తెరుచుకుంటుంది, అటు తిప్పితే మూసుకుపోతుంది. ఎందుకంటే పేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి మొత్తం కొత్తగా తయారవుతూ ఉంటుంది. ఈ మందులకి రాసిన రూలు "కేన్సర్ కణాన్ని చంపు" అని కాదు, "గబగబా పెరిగేదాన్ని చంపు" అని. ఆ రూలుకి పేగు కూడా మ్యాచ్ అవుతుంది. విన్‌క్రిస్టిన్ దారి కాస్త వేరు. కణం లోపలి సన్నటి గొట్టాల్ని విరగ్గొడుతుంది, ఆ గొట్టాలే పేగుని కదిలించే నరాలకీ కావాలి. అందుకే పేగు నడక మందగించి ఆకలి పోతుంది, మలబద్ధకం వస్తుంది.

అంటే మూడోరోజు కుక్క ముద్ద ముట్టకపోతే మందు వికటించిందనో, చావు దగ్గరపడిందనో అనుకోనక్కర్లేదు. చాలాసార్లు అది ముందే తెలిసిన, నాలుగైదు రోజుల్లో దాటిపోయే దశ. దానికి వేరే మందులున్నాయి. వాంతి ఆపటానికి మారోపిటెంట్ కుక్కల కోసమే తయారైంది, 2007లో అమెరికాలో అనుమతి పొందింది. ఆండాన్‌సెట్రాన్ మన మందుల షాపుల్లోనే దొరుకుతుంది, మోతాదు మాత్రం డాక్టరే చెప్పాలి. సూది వేసిన రోజే "వాంతులైతే ఏమివ్వాలి?" అని అడిగి రాయించుకోవాలి. చాలామంది అడగరు, కొంతమంది డాక్టర్లు చెప్పరు.

మందు తర్వాత పథ్యం. మరి పల్నాటి కుక్క ఇన్నాళ్ళూ ఏం తింది? శ్రీనాథుడి పేరు మీద తిరిగే చాటువుల్లో పల్నాటి జొన్నకూడు మీద వెటకారం మీరూ వినే ఉంటారు. మనిషి జొన్న తిన్నాడు కాబట్టి కుక్కా జొన్నే తింది. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకి నీళ్ళు వదిలాక, కాలువ పారిన ఊళ్ళలో జొన్న పోయి వరి వచ్చింది, కుక్క గిన్నెలోకి కూడా. తోడేలుకి పిండిపదార్థం అంతగా అరగదు గానీ కుక్కకి అరుగుతుంది. పిండిని అరిగించే జన్యువు తోడేలులో రెండు కాపీలుంటే కుక్కలో అంతకి ఎన్నోరెట్లు ఉంటాయని 2013లో తేలింది. మనిషి పక్కన వేల ఏళ్ళు కూడు తిన్నందుకు దొరికిన అప్‌గ్రేడ్ అది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, "కేన్సర్ కుక్కకి అన్నం విషం, పచ్చి మాంసమే పెట్టాలి" అని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. 1920ల్లో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కేన్సర్ కణాలు చక్కెరని విపరీతంగా వాడతాయని కనిపెట్టాడు. అది నిజం. దాన్నుంచి "అన్నం మానేస్తే గడ్డ మాడిపోతుంది" అనేదాకా వెళ్ళటం మాత్రం మనవాళ్ళ హైజంపు. పచ్చి మాంసమైతే మరీ ప్రమాదం. సూది వేశాక తెల్లకణాలు తగ్గి ఉంటాయి, మాంసంలో ఉండే క్రిములు ఆ సమయంలో ప్రాణం మీదకి తెస్తాయి.

చెయ్యాల్సింది చాలా సాదా. మెత్తగా ఉడికిన అన్నమో జొన్నన్నమో, చర్మం, ఎముక తీసేసి ఉడికించిన కోడిమాంసం. ఉప్పు, కారం, నూనె, తాలింపు ఏమీ వద్దు. కొద్దికొద్దిగా, గోరువెచ్చగా, రోజుకి నాలుగుసార్లు. వెచ్చగా ఉంటే వాసన తగిలి ఆకలి పుడుతుంది. వికారంగా ఉన్నప్పుడు నోట్లో కుక్కకండి, ఆ తిండంటేనే జన్మలో విరక్తి పుడుతుంది. మంచినీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఇది నాలుగైదు రోజుల పథ్యమే, నెలల తరబడి ఇదే పెడితే కాల్షియం లాంటివి చాలవు.

పెట్టకూడనివాటిలో మొదటిది మనింటి కూర. పల్నాడు మిరపకాయ ఘాటు సంగతి చెప్పక్కర్లేదు, దెబ్బతిన్న పేగుకి అది నిప్పు. అంతకన్నా పెద్ద శత్రువు ఉల్లిపాయ. కుక్క ఎర్రకణాల్ని అది పగలగొడుతుంది, వెల్లుల్లి కూడా అంతే. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు అసలు వేయకండి, కడుపులో పుళ్ళు పడతాయి. బిళ్ళగన్నేరు ఆకు నూరి పోద్దామని ఎవరైనా సలహా ఇస్తే దణ్ణం పెట్టి పంపించెయ్యండి. ఆ మొక్క పచ్చిగా తింటే విషం. మందు అయ్యేది శుద్ధి చేసి, కొలిచి, నరంలోకి ఎక్కించినప్పుడే.

ఒకరోజు దాటి ఏమీ తినకపోయినా, వాంతులు ఆగకపోయినా, ఒళ్ళు కాలుతున్నా, విరేచనం నల్లగానో రక్తంతోనో అవుతున్నా ఇక వంటిల్లు వదిలేసి డాక్టరు దగ్గరకి పరిగెత్తాల్సిందే. ఊళ్ళో పశువుల ఆసుపత్రిలో కుదరకపోతే గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది, నరసరావుపేట నుంచి సుమారు వంద కిలోమీటర్లు. సూది వేసిన కొన్ని రోజులు మలమూత్రాలు ఎత్తేటప్పుడు గ్లోవ్స్ వాడమని అమ్మకి చెప్పండి, మందు వాటిలోంచి బయటికి వస్తుంది.

అన్ని కేన్సర్లూ అంటుకునే గడ్డలా లొంగవు, ఒప్పుకుంటాను. లింఫోమాకి బాగా వైద్యం చేయించినా చాలా కుక్కలు సుమారు ఏడాదే బతుకుతాయి. అక్కడ ఆపాలా వద్దా అనేది ఆ ఇంటివాళ్ళ నిర్ణయం, అందులో తప్పొప్పులు ఎంచే హక్కు మనకి లేదు. కానీ అది జబ్బు చూసి తీసుకునే నిర్ణయం కావాలి గానీ, మూడోరోజు నిండుగా మిగిలిపోయిన గిన్నెని చూసి కాదు.

కాబట్టి ఈసారి ఊర్నుంచి ఆ ఫోన్ వస్తే "సర్లే నాన్నా" అనకండి. మూడు ప్రశ్నలు అడగండి. డాక్టరు ఏ గడ్డ అన్నారు? ఏ మందు ఎక్కించారు? వాంతికి ఏమిచ్చారు? ఈ మూడిటికీ జవాబు తెలిశాక అప్పుడు మాట్లాడుకుందాం, ఆపాలో వద్దో.