‘ఏది దొరికితే అది సార్’: పాలమూరు, నల్లగొండ దళిత పిల్లల కెరీర్ సన్నద్ధతను దేంతో కొలుస్తున్నాం?

పదో తరగతి పరీక్షలు దగ్గర పడగానే ఊరి హైస్కూల్లో సారు అడిగే ప్రశ్న ఒకటుంది. "పది అయినంక ఏం చేస్తవ్ రా?" మాదిగ వాడ నుంచో మాల వాడ నుంచో వచ్చిన పిల్లవాడి జవాబు చాలాసార్లు ఇదే: "ఏది దొరికితే అది సార్." వీడికి ఆసక్తి లేదని సారు అనుకుంటాడు. మనస్తత్వ శాస్త్రం తయారుచేసిన కొలమానాలు కూడా దాదాపు అదే మాట చెబుతాయి. నాకు మాత్రం ఆ జవాబులో ఒక లెక్క కనిపిస్తుంది. అది చాలావరకు సరైన లెక్క.

చదువు తర్వాతి దారిని తెలుసుకుని, ఎంచుకుని, దానికి తగ్గట్టు సిద్ధపడగలగడాన్ని కెరీర్ సన్నద్ధత అంటున్నారు. ఈ ఆలోచనకు మూలం అమెరికాలో 1950లలో డొనాల్డ్ సూపర్ చేసిన పని. 15 నుంచి 24 ఏళ్ల వయసును ఆయన అన్వేషణ దశ అన్నారు. జాన్ క్రైట్స్ 1970లలో రూపొందించిన కెరీర్ పరిపక్వత కొలమానం మన దేశానికీ వచ్చింది. నిర్మలా గుప్తా చేసిన భారతీయ రూపాన్ని మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ వాడుతున్నారు. అందులో ‘స్వతంత్రత’ ఒక అంశం. ఇంట్లోవాళ్ల మీద ఆధారపడకుండా నిర్ణయం తీసుకునే వాళ్లకు ఎక్కువ మార్కులు. అమ్మానాయన చేసిన అప్పు, చెల్లె చదువు, అవ్వ మందులు లెక్కలో పెట్టుకుని కోర్సు ఎంచుకునే అమ్మాయికి ఇక్కడ తక్కువ మార్కులు పడతాయి. ఆమెది అపరిపక్వత అని ఎట్లా అంటాం?

అన్వేషణకు తొమ్మిదేళ్లు ఎవరికి ఉంటాయన్నది మరో ప్రశ్న. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత దాదాపు 55 శాతం, ఇప్పటి తెలంగాణలో అన్ని జిల్లాలకన్నా తక్కువ. నల్లగొండది 64 దగ్గర. చాలా ఇళ్లలో పది దాటిన మొదటి మనిషి ఆ పిల్లే. ఎంపీసీకి, సీఈసీకి తేడా ఏమిటో, పాలిసెట్ ఎప్పుడో చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. పాలమూరు లేబర్ అన్న పేరు ఊరికే రాలేదు. తల్లిదండ్రులు ముంబై, పుణె వలస పోతే పిల్లలు అవ్వ దగ్గర మిగులుతారు, లేదంటే వెంట పోతారు. గద్వాల, అయిజ వైపు విత్తన పత్తి పొలాల్లో సాయంత్రం పువ్వును ఒలిచి మరునాడు పొద్దున చేత్తో పుప్పొడి అద్దే పని ఉంటుంది. అక్కడ దాన్ని క్రాసింగ్ అంటారు. బడి నడిచే నెలల్లోనే వచ్చే ఈ పనిలో ఎక్కువగా ఆడపిల్లలే, అందులోనూ దళిత, వెనుకబడిన కులాల పిల్లలే కనిపిస్తూ వచ్చారు. ఇదే ప్రాంతంలో జోగినీ వ్యవస్థను 1988 చట్టం నిషేధించింది. అయినా జోగినీ తల్లుల పిల్లలు దరఖాస్తు ఫారంలో ‘తండ్రి పేరు’ గడి దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. ఏ కొలమానమూ ఆ గడిని లెక్కించదు.

ఇవి బయటి అడ్డంకులు. మరి లోపల ఏం జరుగుతుంది? దీనిమీద నేను చదివినవాటిలో అతి ముఖ్యమైన పరిశోధన కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో చేసింది. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు, పై కులాల నుంచి 321 మంది, కింది కులాలుగా చూడబడేవారి నుంచి 321 మంది. వాళ్లకు కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు ఇచ్చి, విప్పిన దానికి డబ్బులిచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు రెండు వర్గాలూ సమానంగా చేశాయి. అందరి ముందూ పేరు, తండ్రి పేరు, కులం చదివి వినిపించాక దళిత పిల్లల ఫలితం పడిపోయింది. చాలామంది ఈ కథను ఇక్కడికే ఆపి ఆత్మన్యూనత అంటారు. పరిశోధన ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. బహుమతిని మనిషి కాకుండా లాటరీ నిర్ణయించినప్పుడు ఆ తేడా పోయింది. పిల్లలు తమ తెలివిని అనుమానించలేదు, తమకు న్యాయంగా మార్కులు వేస్తారన్న మాటను అనుమానించారు.

ఆ అనుమానం వట్టిది కాదు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ఒకే అర్హతలతో వేర్వేరు కులాల పేర్లు పెట్టి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. పై కులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.67 మాత్రమే. అశ్వినీ దేశ్‌పాండే, కేథరిన్ న్యూమన్ ఢిల్లీలోని విశ్వవిద్యాలయాల విద్యార్థులతో మాట్లాడితే, ఇంటర్వ్యూల్లో ‘కుటుంబ నేపథ్యం’ ప్రశ్న దళిత విద్యార్థులను ఎలా నిలబెడుతుందో బయటపడింది. మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న ప్రణయ్ హత్య జరిగింది. చదువు కులాన్ని దాటిస్తుందన్న మాటను నల్లగొండ పిల్లలు ఆ సంగతి తెలిసే వింటారు. అందుకే కానిస్టేబుల్, టీచర్, గ్రూప్స్ వైపు చూపు. పరీక్ష, రిజర్వేషన్, మెరిట్ లిస్టు ఉన్నచోట ఎదుటి మనిషి ఇష్టాయిష్టాలకు చోటు తక్కువ. దాన్ని ‘సర్కారు నౌకరీ మోజు’ అని వెక్కిరించేవాళ్లు ఈ నిష్పత్తిని ఒకసారి చూడాలి.

లెక్క మారాలంటే పరిస్థితి మారాలి. దానికి ఆధారం గురుకులాల్లోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి గురుకులం 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. సాంఘిక సంక్షేమ గురుకులాలు 1980లలో మొదలయ్యాయి, ఇప్పుడు తెలంగాణలో 268. అలంపూర్‌లో పుట్టిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2012 నుంచి 2021 దాకా ఆ సంస్థ కార్యదర్శిగా ఉన్నారు. ఎవరికీ తక్కువ కాదన్న ప్రతిజ్ఞను పిల్లలతో రోజూ చెప్పించిన కాలం అది. 2014 మే 25న పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పుడు 13 ఏళ్లు. ప్రతిజ్ఞ, శిఖరం గురించి చాలా రాశారు. నా ఉద్దేశంలో అసలు పని చేసింది అంత గొప్పగా కనిపించని విషయం: కులం పేరు వింటే తల దించుకోవాల్సిన పని లేని గది, పక్క బెంచీలో తనలాంటి పిల్ల డాక్టర్ సీటుకు చదవడం. ఆత్మసామర్థ్య విశ్వాసం మీద ఆల్బర్ట్ బండూరా 1977 నుంచి చెప్పింది కూడా ఇదే. తనలాంటి మనిషి చేయగా చూసినప్పుడు నమ్మకం కుదురుతుంది.

అయితే ఐదో తరగతి ప్రవేశ పరీక్షలో సీటు రాని పిల్లలు ఊరి బడిలోనే ఉంటారు. గురుకులం దాటి ప్రైవేటు కాలేజీకి వెళ్లిన వాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఎదురవుతాయి. ప్రభుత్వం డబ్బు విడుదల చేయలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయన్న ఫిర్యాదు ఏటా వస్తున్నదే. సర్టిఫికెట్ చేతికి రాక ఉద్యోగ దరఖాస్తు గడువు పోగొట్టుకున్న అన్నను చూసిన తమ్ముడికి కెరీర్ గైడెన్స్ క్లాసులో ఏం చెబుతాం? బడుల్లో సదస్సులు పెట్టే మిత్రులు వ్యక్తిత్వ వికాసం ఉపన్యాసానికి ముందు మూడు పనులు పెట్టుకోవచ్చు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు పది పరీక్షలకు ముందే ఇప్పించడం. పాలిసెట్, ఐటీఐ, గురుకుల జూనియర్ కాలేజీల తేదీలు వాడలోనే చెప్పడం. అదే వాడ నుంచి వెళ్లి ఉద్యోగంలో ఉన్న అక్కనో అన్ననో తీసుకొచ్చి, ఇంటర్వ్యూలో ‘మీ నాన్న ఏం చేస్తారు’ అని అడిగితే తాము ఏం జవాబిచ్చారో చెప్పించడం.