కడుపులో రేగిచెట్టు

భోగి సాయంత్రం, దీపాలు పెట్టే వేళ. కోనసీమలో అమ్మమ్మ వాళ్ల పెంకుటింటి వసారాలో తూర్పుముఖంగా పీట మీద కూర్చోబెట్టారు నన్ను. నాలుగు నిండి ఐదో ఏడు నడుస్తోంది. కొత్త పట్టు పరికిణీ జరీ అంచు పిక్కల మీద గీరుకుంటోంది. జడ నిండా కుట్టిన బంతిపూల బరువుకి తల వెనక్కి వాలిపోతోంది. బుగ్గ మీద అమ్మ పెట్టిన కాటుక చుక్క జిడ్డుగా తగులుతూనే ఉంది. ముట్టుకుంటే చెరిగిపోతుందని చెప్పారు కాబట్టి చేతులు ఒళ్లోనే పెట్టుకున్నాను.

పీట మీంచి చూస్తే మనుషుల మొహాలు కనబడవు. పేరంటాళ్ల చీర కుచ్చిళ్లు, పసుపు రాసిన పాదాలు, మట్టెలు కనబడతాయి. ఎదురుగా ఇత్తడి పళ్లెంలో భోగిపళ్లు. ఎర్రవీ పసుపువీ కలిసిన రేగిపళ్లు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చామంతి రేకలు, మధ్యమధ్యలో చిల్లర. నలుచదరపు ఐదు పైసలు, అంచు వంకీలు తిరిగిన పది పైసలు, ఆరు పలకల ఇరవై పైసలు, అన్నీ అల్యూమినియం బిళ్లలే. పీట చుట్టూ పిల్లలు గొంతుక్కూర్చుని ఆ బిళ్ల ఎక్కడుంది, ఈ బిళ్ల ఎక్కడుంది అని ముందే చూసి పెట్టుకుంటున్నారు.

"కదలకమ్మా అమ్మడూ" అంటూ పెద్దమ్మ దోసిలి నింపింది. తల చుట్టూ మూడుసార్లు తిప్పి నడినెత్తిన వదిలేసింది. టపటపమంటూ రేగిపళ్లు చెవుల మీంచి, భుజాల మీంచి జారి ఒళ్లో పడుతున్నాయి. ఒక శనగ మెడ వెనక జాకెట్టులోకి దిగి వీపు మధ్యలో ఆగిపోయింది. పిల్లలందరూ ఒక్కసారిగా మీద పడ్డారు. ఎవరి మోచెయ్యో నా పక్కటెముకల్లో గుచ్చుకుంది. ఎవరో నా పరికిణీ కిందకి చెయ్యి పోనిచ్చి పదిపైసల బిళ్ల లాక్కున్నారు.

ఆ సందడిలో ఒళ్లో పడ్డ పండొకటి తీసి నోట్లో వేసుకున్నాను. తల మీద పోసిన పళ్లు తినకూడదని, దిష్టి వాటితోనే పోతుందని మా ఇంట్లో నియమం. పొద్దున్నుంచీ పదిమంది చెప్పారు. అయినా పండు ఎర్రగా, మెత్తగా, ఒళ్లోనే ఉంది. గుజ్జంతా చప్పరించి గింజని బుగ్గన పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి అత్తయ్య రెండో దోసిలి గుమ్మరించింది. ఉలిక్కిపడ్డాను. గింజ గుటుక్కుమని లోపలికి పోయింది.

పెద్దవాళ్లెవరూ చూడలేదు. బావ చూశాడు. మావయ్య కొడుకు, మూడో తరగతి. వాడేం చెబితే అది నాకు వేదం.

"గింజ మింగేశావా?"

తలూపాను.

"అయితే చెట్టు మొలుస్తుంది. నీళ్లు తాగావంటే తెల్లారేసరికి మొక్కొచ్చేస్తుంది."

"ఎక్కడ్నించి వస్తుంది?"

కాసేపు ఆలోచించాడు. "చెవుల్లోంచి" అన్నాడు. పిడికిట్లో పైసలు లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత హారతి ఇచ్చారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడే నీళ్లు పళ్లెంలో పోసి నా మొహం ముందు తిప్పుతుంటే నేను పెదాలు బిగపట్టుకుని కూర్చున్నాను. ఏ నీళ్లైనా నీళ్లే. చుక్క లోపలికి పోయినా ప్రమాదమే.

రాత్రి అమ్మమ్మ పక్కలో పడుకున్నాను. నాలుక పిడచకట్టుకుపోతోంది. మంచం పక్కన మరచెంబు ఉంది. అటు చూడకుండా గోడ వైపు తిరిగి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని వింటున్నాను. లోపల ఏదో గురగురమంది. వేరు దిగుతున్నట్టుంది. కాలవ గట్టు మీది రేగిచెట్టు కళ్ల ముందు నిలబడింది. దానికి ముళ్లుంటాయి. ఆ ముళ్లన్నీ ఇప్పుడు నాలోనా? చెవుల్లోంచి కొమ్మలొస్తే జడ ఎలా వేస్తారు? అన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. బడి వదిలాక పిల్లలందరూ ఆ చెట్టు మీదకి రాళ్లు విసిరి పళ్లు రాలగొడతారు. రేపు నాకు పళ్లు కాస్తే రాళ్లు నా మీదే కదా వేస్తారు!

అమ్మమ్మని లేపి చెప్పాలి. చెబితే తినకూడని పండు తిన్నానని తెలిసిపోతుంది. చెప్పకపోతే చెట్టు. ఐదేళ్లు నిండని పిల్ల ఆ రెండింటి మధ్యా ఎంత ఒంటరిగా ఉంటుందో పెద్దవాళ్లకి గుర్తుండదు. నాకు గుర్తుంది.

మర్నాడు సంక్రాంతి. పొద్దున్న పాలు వద్దన్నాను. మధ్యాహ్నం వసారాలో రెండు వరసలుగా అరిటాకులు వేశారు. గుమ్మడికాయ దప్పళం ఘుమఘుమలాడుతోంది. అత్తయ్య నేతిగిన్నె పట్టుకుని వరస వెంట వస్తోంది. అల్లుళ్లు, వియ్యాలవారు, ఊళ్లో పెద్దలు అందరూ కూర్చున్నారు. నేను తాతయ్య పక్కన. బొబ్బట్టు ముక్క గొంతులో అడ్డం పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీళ్లు తాగమ్మా" అన్నాడు మావయ్య, గ్లాసు నోటి దగ్గర పెట్టి.

గ్లాసు తోసేశాను. నీళ్లు వియ్యంకుడిగారి ఆకులో పడ్డాయి. వసారా మొత్తం వినబడేలా అరిచాను: "వద్దూ! చెట్టొచ్చేస్తుంది! అందరూ నన్ను రాళ్లు పెట్టి కొడతారు!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అవతలి వరస నుంచి బావ గొంతు వినబడింది. "నిన్న రేగ్గింజ మింగేసిందిగా!"

అప్పుడు మొదలైంది నవ్వు. తాతయ్యకి పొలమారింది. పెద్దమ్మ గరిటె చేత్తో పట్టుకునే గోడకి ఆనుకుని నవ్వుతోంది. ఆకులో నీళ్లు పడ్డ వియ్యంకుడుగారు ఉత్తరీయంతో కళ్లు తుడుచుకుంటున్నారు. అమ్మ కూడా నవ్వింది. నా మొహం భగ్గుమంది. చెవుల్లోకి వేడి ఎక్కింది. ఎక్కడైతే కొమ్మలొస్తాయన్నాడో సరిగ్గా అక్కడే మంట! రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, లేచి, ధాన్యం గాదె వెనక్కి పరిగెత్తాను.

ఆ చెవుల వేడి ఏమిటో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. చార్లెస్ డార్విన్ 1872లో అచ్చయిన తన పుస్తకంలో సిగ్గుతో మొహం ఎర్రబడటం మీద ఒక అధ్యాయమే రాశాడు. మన కవళికలన్నిటిలో అచ్చంగా మనిషిదనదగ్గది అదేనన్నాడు. పసికందులు అలా ఎర్రబడరని కూడా గమనించాడు. మన ఛాయలో ఎరుపు అంతగా బయటపడకపోయినా వేడి మాత్రం తెలుస్తుంది. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లల ముక్కు మీద రంగు చుక్క పెట్టి అద్దం ముందు ఉంచి చూసింది. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్యకి వచ్చేసరికి పిల్లలు అద్దాన్ని వదిలి తమ ముక్కునే తడుముకోవడం మొదలుపెడతారు. ఆ కనబడేది తానేనని తెలిసిన దగ్గర్నుంచే సిగ్గూ మొదలవుతుంది. మన ఇళ్లలో దిష్టిచుక్క పెట్టి అద్దం చూపించే ప్రతి తల్లీ ఈ పరీక్ష చేస్తూనే ఉంటుంది. బిడ్డ చెయ్యి తన బుగ్గ మీదకి వెళ్లిన రోజున, ఇకమీదట ఈ బిడ్డకి నవ్వు తగులుతుందని గుర్తుపెట్టుకోవాలి.

గాదె వెనక చీకటి. పాతగోనెల వాసన. వసారాలో నవ్వు ఆగుతోంది, ఎవరో మళ్లీ ఆ మాట అనగానే రాజుకుంటోంది. వెతుక్కుంటూ అమ్మమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది. వడ్డన మధ్యలో వదిలేసి వచ్చిందేమో, చేతులకి ఇంకా దప్పళం అంటుకునే ఉంది. ఆవిడ నవ్వలేదు. "పిచ్చిపిల్లా" అనలేదు. "ఎందుకు తిన్నావు" అనీ అడగలేదు.

"రా, నీకొకటి చూపిస్తాను" అంది.

పెరటి తలుపు తీసి పక్కవాళ్ల దొడ్లోకి తీసుకెళ్లింది. అక్కడ మేకలు కట్టేసి ఉన్నాయి. అమ్మమ్మ కొంగున ముడేసి తెచ్చిన రేగిపళ్లు నా చేతిలో పోసింది. ఒక మేక ముందుకొచ్చి, గరుకు పెదాలతో నా అరచెయ్యి తడుముతూ వాటిని అందుకుంది.

"ఇవి రోజూ గట్టు మీద రేగిపళ్లే తింటాయి. గింజలు కూడా మింగుతాయి. కాలవలో నీళ్లూ తాగుతాయి. దేనికైనా చెట్టు మొలిచిందేమో నువ్వే చూడు."

చూశాను. ఒక్కొక్క మేక దగ్గరికీ వెళ్లి చెవి ఎత్తి లోపలికి చూశాను. గులాబీరంగు చర్మం, సన్నని నరాలు, కాస్త దుమ్ము. ఒక పిల్లమేక చెవి విదిలించుకుంది. మొలక ఎక్కడా లేదు. అమ్మమ్మ ఎండలో నిలబడి, ఆఖరి మేక చెవి చూడటం అయ్యేదాకా ఓపిగ్గా ఆగింది. ఇంటికొచ్చాక చెంబెడు నీళ్లు ఎత్తిన చెంబు దించకుండా తాగాను. పట్టు పరికిణీ ముందంతా తడిసిపోయింది.

(మింగిన రేగిగింజ కడుపులోకి దిగితే సాధారణంగా కొద్దిరోజుల్లో తనంతట తనే బయటికి పోతుంది. కానీ అది ఊపిరి దారిలో ఇరుక్కుంటే ప్రాణం మీదకొస్తుంది. పిల్ల దగ్గలేక, ఊపిరందక గిలగిల్లాడితే అక్కడికక్కడే ముందుకి వంచి భుజాల మధ్య వీపు మీద గట్టిగా చరుస్తూ, వెంటనే అంబులెన్సుని పిలిపించాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకి గింజ తీసే ఇవ్వాలి.)

ఆ తర్వాత ఆ కథ ఇల్లిల్లూ తిరిగింది. నా పేరే రేగిచెట్టయింది. పెళ్లిళ్లలో, సీమంతాల్లో, ఎవరింట పదిమంది చేరినా "ఒసేయ్ రేగిచెట్టూ, ఇలా రా, నువ్వే చెప్పు" అని పిలిచి నిలబెట్టేవాళ్లు. ఆరేళ్లప్పుడు అది ముద్దుగానే ఉండేది. పన్నెండేళ్లకి పేరంటం అంటేనే భయం పట్టుకుంది. ఇప్పుడు నాకూ ఆ కథంటే ప్రాణం, చెప్పి పొట్ట పట్టుకుని నవ్వుతాను. ఈ మధ్యలో గడిచిన ఏళ్లు మాత్రం ఊరికే పోలేదు. అమ్మమ్మ ఎంతోకాలం బతికింది, అందరికన్నా బాగా కథలు చెప్పగలిగిన మనిషి. నా రేగిచెట్టు కథ ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. నేను చెప్పినప్పుడు మాత్రం పక్కన కూర్చుని వినేది.

మూడేళ్లు, మూడున్నరేళ్లకి ముందు జరిగినవి పెద్దయ్యాక చాలామందికి గుర్తుండవు. ఆ వయసు సంగతులు మనకి ఇంట్లోవాళ్లు చెబితేనే దక్కుతాయి. కాబట్టి చెప్పాలి. పిల్లలకే చెప్పాలి, పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లూ నవ్వేలా చెప్పాలి. ఇప్పుడు పిల్ల ఏడుపు మొహం పెట్టగానే అందరి చేతుల్లోనూ ఫోన్లు లేస్తున్నాయి. గాదె వెనక దాక్కునేలోపే ఆ ఏడుపు చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఊళ్లు దాటిపోతోంది. మా రోజుల్లో కథ ఎంత తిరిగినా మాటగానే తిరిగింది, ఆ మొహం ఎవరి దగ్గరా మిగల్లేదు.

పిల్లల తింగరి మాటలకి నవ్వకుండా ఉండటం ఎవరివల్లా కాదు, ఉండక్కర్లేదు కూడా. కానీ దయచేసి ముందు ఫోను పక్కన పెట్టండి. ఆ పిల్ల దేనికి భయపడుతోందో అడగండి. దానికి తన కంటితో చూసుకోగలిగే జవాబొకటి వెతికి చూపించండి. కథని పదిమందిలో చెప్పాలనిపిస్తే, "చెప్పనా?" అని ఆ పిల్లనే అడగండి. వద్దంటే మానెయ్యండి.