ప్రోబయోటిక్ బాక్టీరియాలు – రోగనిరోధక ప్రతిక్రియ

తగిన పరిమాణమున సజీవముగా స్వీకరించినప్పుడు ఆరోగ్యలాభమును చేకూర్చు సూక్ష్మజీవులను ప్రోబయోటిక్కులందురు. ఆహార వ్యవసాయ సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు కూర్చిన నిపుణులు 2001లో చేసిన ఈ నిర్వచనము ననుసరించి సూక్ష్మజీవి బ్రతికియుండవలెను, పరిమాణము తెలియవలెను, లాభము పరీక్షచే ఋజువు కావలెను. రోగనిరోధక శాస్త్రమునకు పునాదివేసి 1908లో నోబెల్ బహుమానము నందిన మెచ్నికాఫ్ పండితుడే పులిసిన పాలయందలి బాక్టీరియాలు దీర్ఘాయువునకు తోడ్పడునని ప్రతిపాదించెను.

పేగుల లోపలిపొర ఒక్క వరుస కణములతో ఏర్పడినది. రోగనిరోధక కణములు అనేకము దాని కావలనే నివసించుచున్నవి. లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియము వర్గములకు చెందిన కొన్ని ప్రభేదములు ఆ పొరను చేరి, దాని కణముల నడుమ సంధులను బిగువుచేసి, హానికర జీవులకు చోటును ఆహారమును దక్కనీయవు. ఈ ప్రభేదముల కవచ శకలములను టోల్ వర్గపు గ్రాహకములు గుర్తింపగా, డెండ్రైటిక్ కణములు ఆ వార్తను టి-కణములకు చేర్చును. అంతట ఇంటర్‌ల్యూకిన్-10 వంటి శమనకారకములు వెలువడి, నియంత్రక టి-కణములు వృద్ధిపొంది, బి-కణసంతతి ఐజిఎ ప్రతిదేహములను పేగులలోనికి స్రవింపజేయును. ఈ ప్రోబయోటిక్కులు ఉత్పత్తిచేయు లాక్టేటు, ఎసిటేటులను ఆహారముగా గొని ఇతర బాక్టీరియాలు బ్యుటిరేటును తయారుచేయును. పెద్దపేగు కణములకు ముఖ్యమైన ఇంధనమదియే. కావున ప్రోబయోటిక్కులు రోగనిరోధక శక్తిని కేవలము పెంచునని ప్రచారము చేయుట తగదు. మితిమీరిన ప్రతిక్రియయు వ్యాధియే గనుక, దానిని హద్దులలో నుంచుటయే వీని గొప్ప ఉపకారము.

ఇందుకు సంబంధించిన ప్రయోగములలో మిక్కిలి విలువైనది మన పొరుగున ఒడిశాలోనే జరిగినది. పినాకి పాణిగ్రాహి నాయకత్వమున 149 గ్రామములలో 4,556 మంది నవజాతశిశువులపై జరిపి, 2017లో ప్రకటించిన ఆ పరీక్షలో, లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ యొక్క ఒక ప్రభేదమును ఫ్రక్టో-ఒలిగోశాకరైడుతో కలిపి ఏడు దినములు పట్టగా, రక్తదూషిత వ్యాధియో మరణమో సంభవించిన శిశువులు నూటికి 9.0 నుండి 5.4కు తగ్గిరి; శ్వాసకోశ వ్యాధులును తగ్గెను. ఇంత స్వల్పవ్యయముతో ఇందరు పసికందులు రక్షింపబడుట వైద్యచరిత్రలో స్మరణీయము.

ప్లాంటారమ్ జాతి పులిసిన ధాన్యాహారములయందు విరివిగా కానవచ్చునదే. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు అనంతపురపు మెట్టసీమలో, లేపాక్షి చుట్టుపట్ల పల్లెలవారు రాగిసంగటిని, రాత్రి నీట నానవేసి మరునాడు మజ్జిగతో కలుపుకొను సద్దిని తరతరములుగా భుజించుచున్నారు. అట్టి సద్దియందును, తోడువేసిన పెరుగునందును లాక్టికామ్లమును పుట్టించు జీవులు సమృద్ధిగా నుండును. అయినను ఇంటింటి తోడు వేరువేరు. జాతి ఒకటైనంతమాత్రమున ప్రభేదము ఒకటి కానేరదు. కనుక ఒడిశా శిశువులపై కనిపించిన ఫలమును సద్దికి ఆపాదింపరాదు. ఆపాదింపకున్నను, పేదయింటి పోషకాహారముగా దాని గౌరవము తరుగదు.

సజీవ బాక్టీరియాలు అందరికిని నిరపాయములు కావు. నెలలు నిండని శిశువులకు ప్రోబయోటిక్కులవలన ప్రాణాంతక రక్తదోషము కలుగవచ్చునని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించినది. నిరోధకశక్తి క్షీణించిన రోగులు వైద్యుని అడిగియే వాడవలెను. ఇంటివంటకు వచ్చునప్పటికి, పులిసిన అంబలిని మరల కాచినచో అందలి జీవులు నశించును. అందుచేతనే మజ్జిగను సంగటి చల్లారిన పిమ్మటనే కలుపవలెను.