అడవికి ఏ ఇనుము తీసుకెళ్లాలి?



అడవిలో తప్పిపోతే ఏ కత్తి దగ్గరుండాలో యూట్యూబులో గంటలు గంటలు చెప్తున్నారు. మన పెద్దోళ్లకు ఇది సరదా ప్రశ్న కాదు. ఇనుము సంతలోనో కమ్మరి దగ్గరో తెచ్చుకోవాలి, దొరికేది కొంచెమే. దాంతో ఏం చేయించుకోవాలో తినే తిండిని బట్టి తేలేది.

1940 ప్రాంతంలో చెంచులు ఎలా బతికారో హైమన్‌డార్ఫ్ దగ్గరుండి చూశాడు. ఆయన పుస్తకం 1943లో వచ్చింది. చెంచులకు ఇనుప పని రాదు, మైదానం నుంచి తెచ్చుకున్నదే. గొడ్డలి, కత్తి ఉన్నా గడ్డలు తవ్వి కడుపు నింపింది మాత్రం ఇనుపమొన తొడిగిన కర్ర. నేల లోపలి గడ్డకి కత్తి పదునుతో పనేముంది?

గోదావరి కొండల్లో కొండరెడ్ల లెక్క వేరు. పోడు కొట్టాలంటే తుప్పలకు కత్తి, మానులకు గొడ్డలి. ఒక్కటే ఎంచుకోమంటే నేనైతే గొడ్డలే అంటాను. బరువంతా తలలో ఉంటుంది కాబట్టి దెబ్బ లోతుగా దిగుతుంది. పిడి విరిగితే అడవే ఇంకోటి ఇస్తుంది, చిరుమాను కొమ్మ చాలు. కత్తి విరిగితే మళ్లీ కొలిమి దాకా నడవాల్సిందే. (ఏజెన్సీలో కొలిమి పట్టినవాళ్లూ మనవాళ్లే. కమ్మర తెగ ఎస్టీ జాబితాలో ఉంది.) ఇంకో సంగతి, పోడులో మానును వేళ్లతో పెకలించరు. మొద్దు వదిలేస్తారు, అది మళ్లీ చిగురిస్తుంది. ఇప్ప, చింత, జీలుగ లాంటి తిండి పెట్టే చెట్లను ఉంచేస్తారు.

సర్కారుకు ఈ తేడాలేవీ పట్టలేదు. పోడు మీద ఆంక్షలు, కల్లు మీద చిగురు పన్ను కలిసి 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. మూడేళ్లకే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో చెట్టు కొడితే నేరం, కొట్టిన పనిముట్టునూ పట్టుకుపోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక చేసిన 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలోనూ ఆ అధికారం అలాగే ఉంది. పనిముట్లు, తాళ్లు, పడవలు, వాహనాలు, పశువులు అన్నీ ఒకే వరసలో. అంటే కలప స్మగ్లరు లారీ, మన ముసలోడి గొడ్డలి ఒకే లెక్క! లారీ పోయినోడు ఇంకోటి కొంటాడు. గొడ్డలి పోయిన ఇంట్లో పొయ్యిలోకి కట్టె ఉండదు, ఇంటికి వాసం ఉండదు, ఆ ఏడు పోడు ఉండదు.

2006 అటవీ హక్కుల చట్టం వెదురు, తేనె, గడ్డలు సేకరించుకునే హక్కును మనకు ఒప్పుకుంది. వెదురు కొట్టే హక్కు ఉన్నప్పుడు, దాన్ని కొట్టే కత్తి చేతిలో ఉందని గార్డు ఎట్లా ఆపుతాడు?