మూడు దేశాల్లో చదువు.. పట్టా ఇచ్చేది ఎవరు? ‘ఇంటర్నేషనల్ హెల్త్’ పీజీలో చేరేముందు ఇవి చూసుకోండి

ఎంబీబీఎస్, బీడీఎస్, నర్సింగ్, ఫార్మసీ పూర్తిచేసి యూరప్‌లో ‘ఇంటర్నేషనల్ హెల్త్’ పీజీ వైపు చూస్తున్నారా? ‘ఒకే కోర్సు, మూడు దేశాలు’ అనే ప్రకటన చూసి డబ్బు కట్టేముందు ఒక్క సంగతి తేల్చుకోండి. చివరికి మీ పట్టా మీద ఉండేది ఎవరి పేరు?

ముందే చెప్పాలి, ఇది రోగికి వైద్యం చేయడం నేర్పే కోర్సు కాదు. మలేరియా, క్షయ, టీకాలు, మాతాశిశు ఆరోగ్యం, వలసదారుల ఆరోగ్యం, ఆసుపత్రులకు నిధులెలా వస్తాయి.. ఇలాంటివి చదువుతారు. దీంతో డాక్టర్ స్పెషలిస్టు అయిపోరు. నర్సుకు అక్కడ పనిచేసే రిజిస్ట్రేషన్ కూడా రాదు.

పట్టా ఎవరిది?

ఇందులో బాగా తెలిసిన వ్యవస్థ ‘ట్రాప్‌ఎడ్’. బెర్లిన్‌లోని షారిటే, స్విట్జర్లాండ్‌లోని స్విస్ ట్రాపికల్ అండ్ పబ్లిక్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని కేఐటీ లాంటి సంస్థల కూటమి ఇది. మీరు చేరేది వీటిలో ఒక్కదానిలోనే. దాన్ని హోమ్ సంస్థ అంటారు. కోర్సు మొత్తం 60 క్రెడిట్లు. కోర్ కోర్సుకు 20, అడ్వాన్స్‌డ్ మాడ్యూళ్లకు 20, థీసిస్‌కు 20. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల చదువు. మాడ్యూళ్ల కోసమే భాగస్వామి సంస్థలకు వెళ్తారు. అక్కడి క్రెడిట్లు హోమ్ సంస్థ ఖాతాలో చేరతాయి, పట్టా కూడా అదే ఇస్తుంది. అంటే మూడు దేశాల్లో చదివినా డిగ్రీ ఒకటే. ఇందులో మోసమేమీ లేదు, ప్రకటనలో సగమే చెబుతారు, అంతే.

ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్ పద్ధతి వేరు. కనీసం మూడు దేశాల విద్యాసంస్థలు కలిసి నడిపే ఈ కోర్సుల్లో ఉమ్మడి పట్టా గానీ, ఒకటికి మించిన పట్టాలు గానీ రావచ్చు. ప్రజారోగ్యంలో 2006లో మొదలైన ‘యూరోపబ్‌హెల్త్’ ఈ కోవలోదే.

డబ్బు మాటేమిటి?

ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే ట్యూషన్ ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. ప్రయాణం, వీసా ఖర్చులు అందులోంచే పెట్టుకోవాలి. పోటీ గట్టిగానే ఉంటుంది. ట్రాప్‌ఎడ్‌లో చేరేవారు మాత్రం ఇతర సంస్థల మాడ్యూల్ ఫీజులు హోమ్ ఫీజులో కలిసే ఉన్నాయా, విడిగా కట్టాలా అన్నది ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. కన్సల్టెన్సీ మాట మీద వదిలేయొద్దు. తెలంగాణ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద రూ.20 లక్షల వరకు సాయం ఉంది.

మూడేళ్ల డిగ్రీవాళ్లు ఆగి చూసుకోండి

యూరప్ లెక్కలో ఏడాది చదువు 60 క్రెడిట్లు. మూడేళ్ల బీఎస్సీని సాధారణంగా 180 క్రెడిట్లుగా చూస్తారు. ఏడాది మాస్టర్స్‌కు కొన్ని సంస్థలు 240 అడుగుతాయి, కాబట్టి నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు ఉన్న వెసులుబాటు మూడేళ్ల డిగ్రీకి ఉండకపోవచ్చు. ఆరోగ్య రంగంలో పని అనుభవం కూడా అడుగుతుంటారు.

జర్మనీ హోమ్ అయితే 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి. స్కాలర్‌షిప్ లేనివారు బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. మాడ్యూల్ బ్రిటన్‌లో ఉంటే ఆ వీసా పనికిరాదు, మళ్లీ విడిగా దరఖాస్తు చేసుకోవాలి. అందుకే మాడ్యూళ్లు ఎంచుకునే రోజే వీసాకు పట్టే సమయమూ లెక్కలో పెట్టుకోండి.