సూర్యాపేట మీద గాలిమోటర్

మా దిక్కు పాతకాలపు వాళ్లు విమానాన్ని గాలిమోటర్ అనేవాళ్లు. 1948 సెప్టెంబరులో, నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానం మీద భారత సైన్యం జరిపిన పోలీస్ యాక్షన్ నాడు, నల్లగొండ జిల్లా మీదికి వచ్చిన గాలిమోటర్ పేరు టెంపెస్ట్. బెజవాడ వైపు నుంచి కోదాడ, మునగాల దాటి వచ్చిన భారత సైన్యానికి సూర్యాపేట దగ్గర గట్టిగా అడ్డు తగిలింది. దాన్ని తొలగించడానికే టెంపెస్ట్‌లు పైనుంచి దాడికి దిగాయి.

టెంపెస్ట్ కథ దాని అన్న టైఫూన్ తప్పులతో మొదలవుతుంది. ఇంగ్లండులోని హాకర్ కంపెనీలో సిడ్నీ కామ్ బృందం చేసిన టైఫూన్ రెక్క మరీ మందం. వేగం హద్దు దాటితే విమానమంతా వణికేది. అందుకని పల్చటి రెక్క గీశారు. అయితే రెక్క పల్చనైతే అందులో ఉండే పెట్రోలు ట్యాంకుకు చోటేదీ? పైలట్ ముందు ఇంకో ట్యాంకు పెట్టి, అందుకోసం ముక్కును 21 అంగుళాలు సాగదీశారు. ఇంట్లో ఒక గోడ జరిపితే వాకిలి కూడా జరపాల్సి వచ్చినట్టు.

మొదటి నమూనా 1942 సెప్టెంబరు 2న ఎగిరింది. మన వైమానిక దళానికి వచ్చిన రెండో రకం 1943 జూన్‌లో గాలిలోకి లేచింది. దీనికి బిగించిన సెంటారస్ ఇంజనుకు 18 సిలిండర్లు, బలం దాదాపు 2,500 హార్స్‌పవర్. లోపల మామూలు వాల్వులుండవు. పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య చిల్లులున్న ఒక గొట్టం జారుతూ, తిరుగుతూ ఉంటుంది. చిల్లుకు చిల్లు ఎదురైనప్పుడు గాలి లోపలికి, పొగ బయటికి. గాలితోనే చల్లబడే ఇంజను కనుక తూటా తగిలి కారిపోవడానికి రేడియేటర్ నీళ్లు లేవు. నేలకు దగ్గరగా వచ్చి దాడి చేసే విమానానికి అది ఎంత మేలో చెప్పనక్కర్లేదు. నాలుగు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు, రెక్కల కింద వెయ్యి పౌండ్ల బాంబులు రెండు లేదంటే రాకెట్లు, గంటకు 700 కిలోమీటర్ల వేగం. జపాన్ మీదికి పంపాలని సిద్ధం చేస్తే, అది చేరేలోపే యుద్ధం ముగిసింది.

అంత వేగంతో సూర్యాపేట మీద నిజానికి పని లేదు. నిజాం సైన్యానికి హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ కార్లున్నాయి గానీ ఎదురుగా లేచే యుద్ధ విమానం ఒక్కటీ లేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్లలో దొంగచాటుగా ఆయుధాలు దింపాడు. అవి మూటలు మోసే విమానాలు, పోరాడేవి కావు. వెనక్కి తగ్గుతూ మూసీ వంతెన కూల్చిన నిజాం సైనికులు దాని దగ్గర కాపు కాయకుండా పోయారు. భారత సైన్యం దాన్ని చకచకా బాగు చేసుకుంది. సెప్టెంబరు 18కి అంతా అయిపోయింది.

నాకు వింతగా తోచేది వేరే ఉంది. అదే నిజాం అంతకు ముప్పై ఏళ్ల కింద బాంబర్లు కొని దానం చేశాడు! మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ విమానాలు కానుకగా ఇచ్చాడు. కొయ్య చట్రం, పైన గుడ్డ, రెండంతస్తుల రెక్కలు, 400 హార్స్‌పవర్ అమెరికన్ లిబర్టీ ఇంజను. ప్రతి విమానం మీదా హైదరాబాద్ నిజాం కానుక అని రాయించారు. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు నుంచి లేచి జర్మన్ ఊళ్ల మీద బాంబులు వేశాయి. అప్పట్లో నిజాం ఖజానాకు ప్రధాన ఆదాయం భూమి శిస్తే. పాలమూరు, నల్లగొండ మెట్ట చేల జొన్నల్లోంచి కూడా కొంత ఆ రెక్కలకు ఎక్కి ఉండాలి. తన నెత్తి మీద ఆకాశం కాసుకోవడానికి మాత్రం ఆయనకు ఒక్కటీ మిగల్లేదు.

ఆ కానుకల్లో ఎఫ్1010 అనేది 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కింది. బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు, తర్వాత పోలండ్ చేరింది, 1977లో లండన్ ఆర్‌ఏఎఫ్ మ్యూజియానికి వచ్చింది. హెచ్ఏ457 నంబరుతో భారత వైమానిక దళంలో పనిచేసిన టెంపెస్ట్ ఒకటి కూడా ఇప్పుడు అదే మ్యూజియం సొత్తు.